ఆప్టిట్యూడ్ టెస్ట్ రిపోర్టును ఎలా చదవాలి?

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటారు. పిల్లల ప్రతిభ గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ సామెత ఎత్తుతారు. కొందరి విషయంలో అది నిజమే. ఎవరూ నేర్పకుండానే శ్రుతి పట్టుకునేవాళ్లు, అంకెలు కనిపిస్తే చాలు వాటితో ఆడుకునేవాళ్లు ఉంటారు. చాలామంది పిల్లల సంగతి అలా ఉండదు. వాళ్లలో ఉన్న నేర్పు బయటపడాలంటే దానికి తగిన పని ఒకటి చేతికి తగలాలి. బడిలో చదవడం, రాయడం, లెక్కలు చేయడం, గుర్తుపెట్టుకోవడమే ఎక్కువ కాబట్టి వాటిలో చురుకైనవాళ్లు తెలివైనవాళ్లని పేరు తెచ్చుకుంటారు. మిగతావాళ్లు 'యావరేజ్' అనిపించుకుంటారు, కొన్నాళ్లకు తామూ అదే నమ్మేస్తారు.

ఆప్టిట్యూడ్ టెస్ట్ మీద నాకున్న ఆశ అంతా ఆ పిల్లల కోసమే. మార్కుల జాబితాలో ఎక్కడా కనిపించని బలాన్ని అది చూపించగలదు. అదే టెస్టును తప్పుగా చదివితే పిల్లల ముందున్న దారులు మూసేయడానికీ పనికొస్తుంది. వందేళ్లకు పైబడిన దాని చరిత్రలో ఈ రెండూ జరిగాయి.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. ఆప్టిట్యూడ్‌ను సైకాలజీ పాఠాల్లో సహజ సామర్థ్యం అంటారు. మామూలు మాటల్లో మాత్రం దాన్ని అభిరుచితోనో తెలివితోనో కలిపేస్తుంటాం. ఒక అమ్మాయికి బొమ్మలు వేయడమంటే ఇష్టం. అది అభిరుచి. ఇప్పటికే మనిషి ముఖాన్ని పోలికలు కుదిరేలా వేయగలదు. అది సాధన, అంటే నేర్చుకుని సంపాదించుకున్నది. ఇంతవరకూ చేయని ఒక పనిని ఆమెకు కొత్తగా నేర్పితే ఎంత తొందరగా, ఎంత తేలిగ్గా పట్టుకుంటుంది అన్నది సహజ సామర్థ్యం. ఏడాది చివరి పరీక్ష "ఏం నేర్చుకున్నావు?" అని అడుగుతుంది. ఆప్టిట్యూడ్ టెస్ట్ "ఇకముందు ఏది సులువుగా నేర్చుకోగలవు?" అని అంచనా కడుతుంది.

అంచనా అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. రేపటిని ఎవరూ కొలవలేరు. పిల్లవాడు ఈ రోజు, ఈ గంటలో చేసి చూపించిన దాన్ని మాత్రమే ఏ టెస్టయినా కొలుస్తుంది, దాన్నిబట్టి రేపటి సంగతి ఊహిస్తుంది. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లలకు పదాల ప్రశ్నలు కష్టమవుతాయి. చిన్నప్పుడు బ్లాకులతో, పజిల్స్‌తో ఆడుకున్నవాళ్లకు ఆకారాల ప్రశ్నలు తేలికవుతాయి. 'సహజం' అనుకునే దాంట్లో అలవాటు పాలు ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు వాడే శాట్ పరీక్ష 1926లో మొదలైనప్పుడు దాని పూర్తి పేరు స్కొలాస్టిక్ ఆప్టిట్యూడ్ టెస్ట్. 1990ల్లో నిర్వాహకులే 'ఆప్టిట్యూడ్' తీసేసి 'అసెస్‌మెంట్' అని పెట్టారు. తర్వాత అదీ వదిలేసి ఆ మూడు అక్షరాలనే పేరుగా ఉంచేశారు. పుట్టుకతో వచ్చినదాన్నే కొలుస్తున్నామన్న అర్థం రావడం వాళ్లకే ఇబ్బంది అయింది.

ఒక కాగితం, ఒక చిల్లు

ఈ టెస్టుల్లో అసలేం అడుగుతారో ఒక ప్రశ్నను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చతురస్రంగా ఉన్న ఒక కాగితం ఊహించుకోండి. కుడి అంచును తెచ్చి ఎడమ అంచు మీద పెట్టి సగానికి మడిచారు. తర్వాత పై అంచును కింది అంచు మీదకు తెచ్చి ఇంకోసారి మడిచారు. ఇప్పుడు చేతిలో చిన్న చతురస్రం మిగిలింది. దాని ఎడమవైపు కింది మూలకు దగ్గరగా ఒక చిల్లు పొడిచారు. కాగితం మొత్తం విప్పితే చిల్లులు ఎన్ని, ఎక్కడెక్కడ ఉంటాయి?

నాలుగు ఉంటాయి, నాలుగు మూలల దగ్గర. అదే చిల్లు చిన్న చతురస్రపు కుడివైపు పై మూలకు దగ్గరగా పొడిచి ఉంటే, నాలుగూ కాగితం నడిమధ్యన గుంపుగా కనిపిస్తాయి. కొందరు పిల్లలకు ఇది కళ్ల ముందు బొమ్మలా కదులుతుంది. మడత విచ్చుకోవడం చూస్తూనే జవాబు చెప్పేస్తారు. కొందరు గాల్లో వేళ్లు తిప్పుతూ, ఒక్కో మడతా లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఈ ప్రశ్నలో చదవాల్సిన భాష లేదు, గుర్తు తెచ్చుకోవాల్సిన సూత్రం లేదు. అందుకే క్లాసులో వెనకబడ్డారని పేరున్న పిల్లలు ఇక్కడ చకచకా దూసుకుపోయే అవకాశం ఉంది.

పేరున్న టెస్టుల్లో ఇలాంటి భాగాలు చాలా ఉంటాయి. 1947లో అమెరికాలో బడి పిల్లల కోసం వచ్చిన డిఫరెన్షియల్ ఆప్టిట్యూడ్ టెస్టులో ఎనిమిది భాగాలు: మాటలతో తర్కం, అంకెలు, బొమ్మలతో తర్కం, ఆకారాల ఊహ, యంత్రాలు పనిచేసే తీరు, వేగంగా పొరపాటు లేకుండా సరిచూడటం, స్పెల్లింగ్, భాష వాడకం. సరిచూసే భాగం చూడటానికి మరీ చిన్న పని. 48217, 48271 లాంటి జతలు వరసగా ఇచ్చి, ఏవి ఒకటే, ఏవి వేరో టైమ్ అయిపోయేలోగా చెప్పమంటారు. లెక్కల్లో దిట్టలైనవాళ్లు కూడా ఇక్కడ తడబడవచ్చు. పద్దులు, మందుల చీటీలు, పత్రాల తనిఖీ లాంటి పనులన్నీ ఈ నేర్పు మీదే నడుస్తాయి.

చేతి నేర్పుకూ టెస్టులున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో 1922లో జాన్సన్ ఓకానర్ అనే ఇంజనీర్, ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోవడానికి టెస్టులు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఉన్న ఒక టెస్టులో పలక మీద 100 చిన్న రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రంలో మూడేసి పిన్నులు వేళ్లతో గబగబా పెట్టుకుంటూ పోవాలి. ఇంకో టెస్టులో అదే తరహా పనిని పట్టకారుతో చేయాలి. 'చేతి నేర్పు' అని మనం ఒక్క మాటలో తేల్చేసేదాన్ని ఆయన రెండుగా విడదీసి కొలిచాడు.

పరీక్ష కనిపెట్టినాయన భయం

ఈ పరీక్షల కుటుంబానికి మూలపురుషుడు ఆల్‌ఫ్రెడ్ బినే. ఫ్రాన్స్‌లో బడికి వచ్చే పిల్లల్లో ఎవరికి అదనపు సాయం కావాలో గుర్తించమని ప్రభుత్వం అడిగితే, ఆయన థియోడర్ సిమోన్‌తో కలిసి 1905లో మొదటి మేధా పరీక్ష తయారుచేశాడు. సాయం అందించడం కోసం పుట్టిన పరీక్ష అది. పిల్లల తెలివి ఇంతే, ఇక పెరగదు అని తీర్పు చెప్పడాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు. సాధనతో, సరైన పద్ధతితో అది పెరుగుతుందని వాదించాడు.

ఆయన 1911లో చనిపోయాడు. పరీక్ష అమెరికా చేరి, ఆయన భయపడిన రూపమే తొడుక్కుంది. 1917 నుంచి సైన్యంలో దాదాపు 17 లక్షల మందికి సామూహికంగా మేధా పరీక్షలు పెట్టారు. ఆ లెక్కలు చూపించి కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫలానా దేశాలవాళ్లకు తెలివి తక్కువ అని 1923లో రాశాడు. 1930లో తన నిర్ధారణలు నిలబడవని తనే ఒప్పుకున్నాడు. ఆ మధ్య కాలంలో శాట్‌ను రూపొందించింది కూడా ఆయనే. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లలను ఐక్యూ స్కోరు చూసి ప్రత్యేక తరగతుల్లోకి నెట్టేస్తున్నారని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1979లో తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది, ఆ పని కోసం ఆ పరీక్షలు వాడకూడదని కోర్టు ఆపేసింది. పరీక్ష రాసిన పిల్లలు ఏ భాషలో, ఏ పరిసరాల్లో పెరిగారో పట్టించుకోకుండా అంకె ఒక్కటే చదివితే ఏమవుతుందో ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

శాస్త్రవేత్తల మధ్య ఇంకో వాదన నడిచింది. ఛార్లెస్ స్పియర్‌మన్ 1904లో ఒక సంగతి గమనించాడు. ఒక సబ్జెక్టులో బాగా చేసే పిల్లలు మిగతావాటిలోనూ సగటున బాగానే చేస్తున్నారు. కాబట్టి అన్నిటి వెనకా ఒకే సాధారణ సామర్థ్యం ఉందన్నాడు. లూయిస్ థర్‌స్టన్ 1938లో ఏడు వేర్వేరు సామర్థ్యాలు చూపించాడు. ఇద్దరి మాటలోనూ నిజముందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. దీనివల్ల రిపోర్టు చదివేవాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. ఎనిమిది భాగాల స్కోర్లు ఎనిమిది విడి విడి గదులు అనుకోకూడదు. అవన్నీ కొంత కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. రెండు భాగాల మధ్య తేడా బాగా పెద్దదైతేనే దానికి అర్థం ఉంటుంది.

జల్లెడలోంచి జారిపోయినవాళ్లు

నన్ను బాగా కదిలించే కథ లూయిస్ టెర్మన్ అధ్యయనం. 1921లో ఆయన కాలిఫోర్నియాలో ఐక్యూ పరీక్ష ఆధారంగా అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లలను ఏరడం మొదలుపెట్టాడు. దాదాపు 1,500 మందిని ఎంచుకుని, జీవితాంతం వాళ్లను గమనించే ఏర్పాటు చేశాడు. ఆ ఎంపికలో స్కోరు చాలక బయటే ఉండిపోయిన ఇద్దరు అబ్బాయిలు విలియం షాక్లీ, లూయీ ఆల్వారెజ్. షాక్లీకి 1956లో, ఆల్వారెజ్‌కు 1968లో ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. ఎంపికైనవాళ్లలో ఒక్కరికీ నోబెల్ రాలేదు.

ఎందుకిలా జరిగింది? ఆ పరీక్ష మాటల మీద ఎక్కువగా ఆధారపడిందని, ఆకారాలను మనసులో తిప్పి చూసే నేర్పును సరిగా పట్టుకోలేకపోయిందని తర్వాతి పరిశోధకుల్లో కొందరు వాదించారు. ఆ వాదనకు బలం ఇచ్చే పెద్ద ఆధారం వేరేచోట దొరికింది. 1960లో అమెరికాలో ప్రాజెక్ట్ టాలెంట్ పేరుతో సుమారు 4 లక్షల మంది హైస్కూల్ విద్యార్థులకు రకరకాల సామర్థ్య పరీక్షలు పెట్టి, ఏళ్ల తర్వాత వాళ్లు ఏ రంగాల్లో ఉన్నారో చూశారు. 2009లో ఆ సమాచారాన్ని విశ్లేషించినప్పుడు, సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్లినవాళ్లలో ఆకారాల ఊహాశక్తి ప్రత్యేకంగా కనిపించింది. లెక్కలు, భాషల స్కోర్లను పరిగణనలోకి తీసుకున్నాక కూడా దాని ప్రభావం నిలబడింది. ఇంకా పెద్ద విషయం, ఆ నేర్పులో అందరికన్నా పైన ఉన్న ఒక శాతం మందిలో దాదాపు 70 శాతం, లెక్కల్లో గానీ భాషలో గానీ పై ఒక శాతంలో లేరు. లెక్కలు, భాష చూసి ప్రతిభావంతులను ఎంచే ఏ పద్ధతైనా వాళ్లను జారవిడుచుకుంటుంది.

మన కళ్లెదుట ఉన్న 'యావరేజ్' పిల్లల్లో అలాంటివాళ్లు ఎంతమందో! రేడియో విప్పి బిగించే పిల్లవాడు, ఒకసారి నడిచిన దారిని మర్చిపోని పిల్ల, నోట్సులో అక్షరాలకన్నా గీతలు ఎక్కువుండే పిల్ల. వాళ్లకు "నీలో ఇది ఉంది" అని ఆధారంతో చెప్పగలిగే సాధనం మన దగ్గర ఉండీ వాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని ఆకారాల ఊహలో స్కోరు తక్కువొచ్చినవాళ్లు ఇంజనీరింగ్ ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. ఆకారాల ఊహ సాధనతో బాగా పెరుగుతుంది. దీని మీద జరిగిన 217 అధ్యయనాలను 2013లో కలిపి చూసినప్పుడు శిక్షణతో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ 1993 నుంచి, ఈ టెస్టులో వెనకబడ్డ మొదటి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఒక కోర్సు నడిపారు. చేత్తో బొమ్మలు గీయించడం, వస్తువులను మనసులో తిప్పడం సాధన చేయించడం అందులో ముఖ్యం. అది పూర్తిచేసినవాళ్ల స్కోర్లు పెరిగాయి. అక్కడ తక్కువ స్కోరును ఎవరికి ఏం నేర్పాలో తెలుసుకోవడానికి వాడుకున్నారు. బినే కోరుకున్నది సరిగ్గా ఇదే.

61 అంటే ఎంత?

ఇక రిపోర్టు చేతికొచ్చింది అనుకుందాం. అందులో 'పర్సెంటైల్ 61' అని ఉంటే చాలామంది తల్లిదండ్రులు 100కి 61 మార్కులు అనుకుని దిగులుపడతారు. అది మార్కు కాదు, వరసలో స్థానం. అదే వయసు పిల్లలు 100 మందిని తీసుకుంటే, వాళ్లలో 61 మంది కన్నా మీ అమ్మాయో అబ్బాయో బాగా చేశారని అర్థం. ఆ 100 మంది ఎవరన్నది కూడా ముఖ్యమే. టెస్టు తయారుచేసేటప్పుడు పోల్చిన పిల్లలు వేరే భాషవాళ్లో, పాతికేళ్ల కిందటివాళ్లో అయితే ఆ అంకెకు విలువ తగ్గిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. 50వ పర్సెంటైల్‌కూ 60వ దానికీ మధ్య అసలు తేడా చాలా చిన్నది, ఎందుకంటే మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. 90కీ 99కీ మధ్య తేడా దానికి దాదాపు నాలుగు రెట్లు. కాగితం మీద చూస్తే మొదటిది పది, రెండోది తొమ్మిది.

ఏ కొలతలోనైనా పొరపాటు పాలు ఉంటుంది. సగటు 100, వ్యాప్తి (స్కోర్లు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం పరుచుకుంటాయో చెప్పే అంకె) 15 ఉండే స్కోర్ల పద్ధతిలో, విశ్వసనీయత (ఫలితం ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, 1 అంటే పూర్తి నిలకడ) 0.90 ఉన్న టెస్టును మంచి టెస్టు అంటారు. అంత మంచి టెస్టులోనూ ఒక్కో స్కోరుకు ఇటూ అటూ సుమారు 5 పాయింట్ల ఊగిసలాట సహజం. ఒక పిల్లవాడికి 104 వచ్చిందంటే అతని అసలు స్థాయి 99 నుంచి 109 మధ్య ఉండే అవకాశం మూడింట రెండొంతులు. పర్సెంటైల్‌లో చెబితే 47 నుంచి 73 దాకా. రిపోర్టులో మాత్రం 61 అని ఒక్క అంకె దర్జాగా కూర్చుని ఉంటుంది. రెండు భాగాలను పోల్చేటప్పుడు ఈ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. అదే పద్ధతిలో 13 పాయింట్లకు తక్కువ తేడా ఉంటే "దీనికన్నా దాంట్లో మెరుగు" అని గట్టిగా అనలేం. స్కోరు పక్కన ఈ పరిధిని చూపించని రిపోర్టును నేను సగమే నమ్ముతాను.

స్కోరు వెనక్కి కూడా వెళ్లి చూడాలి. 40 ప్రశ్నల భాగంలో ఇద్దరికి 21 వచ్చాయి. ఒకమ్మాయి 22 మాత్రమే చేసి 21 సరిగ్గా పెట్టింది. ఒకబ్బాయి 40కి 40 చేసి 19 తప్పు పెట్టాడు. రిపోర్టు ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెడుతుంది. ఆ అమ్మాయికి సామర్థ్యం లేదనడం అన్యాయం. ఆమె నెమ్మదిగా, జాగ్రత్తగా పనిచేస్తుంది, లేదా టైమ్ చూసి టెన్షన్ పడింది. ఎన్ని ప్రశ్నలు చేశారు, ఎన్ని సరైనవి అని టెస్ట్ పెట్టినవాళ్లను అడగండి. అడిగితే చెప్పాలి. ఆ రోజు జ్వరంగా ఉందా, సూచనలు అర్థమయ్యాయా, పరీక్ష ఇంట్లో మాట్లాడే భాషలో ఉందా అన్నవీ అంతే ముఖ్యం.

ఇంతకీ ఈ స్కోర్లు భవిష్యత్తును ఎంతవరకు చెప్పగలవు? స్కోరుకూ తర్వాతి చదువులో విజయానికీ మధ్య సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0 అంటే పొంతనే లేదు, 1 అంటే పూర్తి పొంతన) 0.5 ఉంటే ఈ రంగంలో చాలా బాగున్నట్టు లెక్క. గణితంలో దానర్థం (0.5 × 0.5 = 0.25), పిల్లల మధ్య కనిపించే తేడాల్లో పావు వంతును స్కోరు వివరిస్తుంది. మిగతా ముప్పావు వంతు వేరే వాటిలో ఉంటుంది: ఆసక్తి, పట్టుదల, నేర్పినవాళ్లు, ఆరోగ్యం, దొరికిన అవకాశం. ఆ పావు వంతు విలువైనదే. ఏమీ తెలియకుండా దారి ఎంచుకోవడం కన్నా అది ఎంతో నయం. "ఈ అబ్బాయి డాక్టర్ అవుతాడు, ఈ అమ్మాయి అకౌంట్స్‌కే పనికొస్తుంది" అని రాసి ఇవ్వడానికి మాత్రం అది సరిపోదు.

టెస్టు కానివి కూడా టెస్టు పేరుతో వస్తాయి. "నీకు లెక్కలు బాగా వచ్చా?" అని అడిగి టిక్ పెట్టించేవి సామర్థ్యాన్ని కొలవవు, పిల్లలు తమ గురించి ఏమనుకుంటున్నారో కొలుస్తాయి. ఆ రెండింటికీ పొంతన ఓ మోస్తరుగానే ఉంటుంది. ఇష్టాలు కనుక్కునే ప్రశ్నావళులు వేరు. 1927లో ఎడ్వర్డ్ స్ట్రాంగ్ తయారుచేసిన ప్రశ్నావళి, 1959లో జాన్ హాలండ్ చెప్పిన ఆరు రకాల అభిరుచులు మంచి పనిముట్లే, కాకపోతే వాటిని సామర్థ్య పరీక్ష పక్కన పెట్టుకుని చదవాలి. వేలిముద్రలు చూసి పిల్లల ప్రతిభ చెబుతామనేవాటికి శాస్త్రీయ ఆధారం లేదు. వాటి రిపోర్టు చదివితే "అచ్చం మావాడే" అనిపించడానికి కారణం 1948లోనే తెలిసింది. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు ఒక టెస్ట్ పెట్టి, ఒక్కొక్కరికీ 'మీ వ్యక్తిత్వం ఇది' అని రిపోర్టు ఇచ్చి, ఎంత సరిపోయిందో మార్కులు వేయమన్నాడు. సగటున 5కు 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే రిపోర్టు.

రిపోర్టు వచ్చిన తర్వాత

నా అభిప్రాయంలో రిపోర్టును ముందు చదవాల్సింది పిల్లలే. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చినవాళ్లకు పర్సెంటైల్ అంటే ఏమిటో పావుగంటలో చెప్పొచ్చు. పెన్సిల్ ఇచ్చి, ఏది నిజమనిపిస్తోందో, ఏది కాదనిపిస్తోందో గుర్తు పెట్టమనండి. వాళ్లు కాదన్న చోటే మాట్లాడుకోవాల్సిన అసలు సంగతి ఉంటుంది. "యంత్రాల భాగంలో బొమ్మలే నాకు అర్థం కాలేదు, అలాంటివి ఎప్పుడూ చూడలేదు" అని అమ్మాయి అంటే, స్కోరు తక్కువ రావడానికి ఒక కారణం అక్కడే దొరికింది. ఆమెకు ఆ రకం పని కొన్నాళ్లు చేతికివ్వాలి.

తర్వాత పైకి లేచిన రెండు మూడు బలాలను తీసుకుని, వాటితో చేసే పనులు నిజంగా చేయించి చూడాలి. ఆకారాల ఊహ బాగుంటే చెక్కపని, మ్యాప్ గీయడం, త్రీడీ మోడల్ చేయడం. సరిచూసే నేర్పు ఉంటే లైబ్రరీ జాబితా సర్దడం, ప్రయోగాల ఫలితాలు నమోదు చేయడం. మాటల తర్కం బలంగా ఉంటే డిబేట్, గోడ పత్రిక. ఒక్కో పనికి కనీసం నెల రోజులు ఇవ్వాలి, ఎందుకంటే మొదటి వారం కొత్తదనం ఎవరికైనా బాగానే ఉంటుంది. మూడో వారంలో కూడా పిలవకుండానే వచ్చి కూర్చుంటున్నారా, తప్పు వచ్చినప్పుడు మళ్లీ మొదలుపెడుతున్నారా అన్నది ఏ టెస్టులోనూ రాదు. దాన్ని దగ్గరుండి చూసినవాళ్లు ఒక నోట్సులో రాసుకుంటే రిపోర్టుకు సగం లోటు తీరుతుంది.

స్కోరు అనుమానంగా అనిపిస్తే మళ్లీ రాయించవచ్చు. వెంటనే మాత్రం వద్దు. అవే తరహా ప్రశ్నలు గుర్తుండిపోయి రెండోసారి స్కోరు ఊరికే పెరుగుతుంది. ఏడాది ఆగి, అదే టెస్టుకు ఇంకో సెట్ ఉంటే దాంతో రాయించడం మంచిది. ఈలోగా పిల్లలు తమకు బాగా వచ్చిన భాగాన్ని మర్చిపోరు. ఇన్నాళ్లూ తక్కువ మార్కులు చూసుకున్న పిల్ల, కాగితం మడతల దగ్గర తను 90 మందికన్నా ముందుందని చదివిన సాయంత్రం, ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ మడిచి చిల్లులు పొడుస్తూ కూర్చుంటుంది.